ఫోన్ మీద ‘ఈ’ అక్షరం పడితే ఏం చేయాలి? యాత్రల్లో, పరాయి దేశంలో పాత నెట్‌వర్క్‌తో నెట్టుకురావడం

రామచంద్రపురంలో మాది రీఛార్జి, రిపేరు షాపు. ఎండాకాలం వచ్చిందంటే మా సెంటర్‌లోంచి యాత్రా బస్సులు బయల్దేరతాయి. వంటవాళ్ళు, గ్యాస్ బండలు, బియ్యం బస్తాలతో పాటు నన్నూ ఎక్కించుకుంటారు, బస్సెడు మంది ఫోన్లకి ఎవరో ఒక దిక్కుండాలి కదా అని. కాశీ, కేదార్, వైష్ణోదేవి, ముక్తినాథ్, ఎక్కడికెళ్ళినా నాకు ఎదురయ్యే ఫిర్యాదు ఒకటే. “ఒరే అబ్బాయ్, సిగ్నల్ నిండుగా ఉంది గానీ ఫోన్ వెళ్ళట్లేదేంట్రా?”

నేను ముందు గీతలు చూడను. గీతల పక్కన చిన్న ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, అది చూస్తాను. టవర్ ఎంత దగ్గర్లో ఉందో గీతలు చెబుతాయి. ఆ టవర్ మీ ఫోన్‌కి ఏ కాలం నాటి సౌకర్యం ఇస్తోందో అక్షరం చెబుతుంది. ఆ అక్షరం చదవడం వస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. మిగతా సగం బయల్దేరే ముందు ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పని.

అక్షరాల సంగతి

5జీ, 4జీ, ఎల్‌టీఈ అని కనిపిస్తే కొత్త నెట్‌వర్క్. 3జీ, ‘హెచ్’, ‘హెచ్ ప్లస్’ అంటే మధ్యది. ‘ఈ’ గానీ ‘జీ’ గానీ పడితే అది 2జీ, మన చేతికి మొదటి కీప్యాడ్ ఫోన్ వచ్చిన నాటిది. ‘ఈ’ అంటే ఎడ్జ్, ‘జీ’ అంటే జీపీఆర్ఎస్, అది ఇంకా నెమ్మది. గీతల దగ్గర చిన్నగా ‘ఆర్’ కనిపిస్తే మీరు వేరే కంపెనీ టవర్ మీద రోమింగ్‌లో ఉన్నారని అర్థం.

2జీలో మాటకి ఢోకా లేదు, ఎస్సెమ్మెస్‌కీ లేదు. నెట్టే కష్టం. ఎడ్జ్ వేగం కాగితం మీద సెకనుకి 200 కిలోబిట్ల పైచిలుకు, చేతికొచ్చేది అందులో కొంతే. వాట్సాప్‌లో రాసి పంపిన మాట ఆలస్యంగానైనా వెళ్తుంది. ఫోటో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. వీడియో కాల్ సంగతి మర్చిపోండి. ఇంకో విషయం, 2జీలో కాల్ నడుస్తున్నంతసేపూ నెట్ ఆగిపోతుంది. అబ్బాయితో మాట్లాడుతూ ఫోన్‌పేలో డబ్బులు పంపబోయి, “నెట్ పోయింది” అని కంగారు పడేవాళ్ళని బస్సులో రోజూ చూస్తాను. పోలేదండి, కాల్ పెట్టేస్తే అదే వస్తుంది.

ఇక మన దేశంలో ఏ సిమ్‌కి కింద ఎన్ని మెట్లు ఉన్నాయో తెలుసుకోవాలి. ఎయిర్‌టెల్ 2020 ప్రాంతానికి 3జీ తీసేసి 2జీని ఉంచింది. అందుకే ఘాట్ రోడ్డులో 4జీ అందకపోతే ఆ సిమ్ నేరుగా ‘ఈ’ మీదకి దిగుతుంది. వీఐకీ, బీఎస్ఎన్ఎల్‌కీ 2జీ ఉంది. జియో 2016 సెప్టెంబర్‌లో మొదలైందే 4జీతో, దానికి కింద మెట్టు లేదు. 4జీ, 5జీ అందినంతవరకు బ్రహ్మాండం, అందకపోతే ఫోన్ మూగబోతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, కట్టిన తీరే అంత. కాబట్టి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే కంపెనీ సిమ్‌లతో కొండలెక్కకండి. ఇద్దరిలో ఒకరి దగ్గరైనా 2జీ ఉన్న సిమ్ ఉండాలి. ఒక్కరే వెళ్తుంటే రెండో స్లాట్‌లో వేయించుకోండి.

‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని వస్తే మాత్రం ఒక మాట గుర్తుంచుకోండి. మీ కంపెనీ టవర్ లేదు గానీ వేరే కంపెనీది అందుతోందని దాని భావం. 112 కొడితే ఆ టవర్ మీదుగానే వెళ్తుంది.

ఏజెన్సీ ఊళ్ళల్లో ఇప్పుడు ఇంకొకటి కనిపిస్తోంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ నిధులతో కట్టిన టవర్ల దగ్గర జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ వాళ్ళు ఒకరి 4జీని ఇంకొకరి కస్టమర్లకి వాడుకోనిచ్చే ఏర్పాటు మొదలైంది. మీ సిమ్ పేరుండాల్సిన చోట వేరే కంపెనీ పేరు కనిపిస్తే ఫోన్ పాడైందనుకోకండి. అక్కడ నెట్ రాకపోతే సెట్టింగ్స్‌లో ‘డేటా రోమింగ్’ ఆన్ చేసి చూడండి. దేశం లోపల ఉన్నంతవరకు దానికి వేరే ఛార్జీ లేదు. సరిహద్దు దగ్గర కథ వేరు, అది తర్వాత చెబుతాను.

ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పరీక్ష

చేతిలో 4జీ ఫోన్ ఉన్నంత మాత్రాన కాల్ కూడా 4జీ మీదే వెళ్తుందనుకోవద్దు. కాల్‌ది ఒక దారి, నెట్‌ది ఇంకో దారి. 4జీ మీదే మాట వెళ్ళాలంటే వీవోఎల్‌టీఈ అనేది ఫోన్‌లోనూ ఆన్ అయి ఉండాలి, కంపెనీ వైపునా ఉండాలి. అది లేకపోతే మీరు నంబర్ నొక్కగానే ఫోన్ 4జీని వదిలేసి 2జీనో 3జీనో వెతుక్కుంటుంది. అవి దొరికితే కాల్ కలుస్తుంది, లేకపోతే ‘కాల్ ఫెయిల్డ్’.

పరీక్ష చాలా సులువు. వైఫై ఆపండి. ఇంట్లో ఇంకో ఫోన్‌కి కాల్ చేసి, అది ఎత్తాక మీ స్క్రీన్ పైన అక్షరం చూడండి. 4జీ అలాగే ఉండి, పక్కన వీవోఎల్‌టీఈ అనో హెచ్‌డీ అనో ఉంటే మీ కాల్ కొత్త దారిలోనే వెళ్తోంది. 4జీ మాయమై ‘ఈ’ గానీ ‘హెచ్’ గానీ పడితే మీ ఫోన్ మాట కోసం కిందకి దిగిపోతోంది. షాపుకొచ్చే పెద్దవాళ్ళ ఫోన్లలో ఎక్కువగా చూసేది ఏంటంటే, వీవోఎల్‌టీఈ బటన్ ఎవరో మనవడు ఆటలాడుతూ ఆపేసి ఉంటాడు. సెట్టింగ్స్‌లో సిమ్ దగ్గరికి వెళ్తే అక్కడే ఉంటుంది, ఆన్ చేయండి.

అదే చోట కొన్ని కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘అలౌ 2జీ’ అని ఇంకో బటన్ ఉంటుంది. దొంగ టవర్ల బెడద లేకుండా దాన్ని ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. ఊళ్ళో ఉన్నప్పుడు మంచి సలహానే. యాత్రకి బయల్దేరే రోజు మాత్రం ఆన్ చేసి పెట్టండి, లేకపోతే 2జీ టవర్ కింద నిలబడ్డా మీ ఫోన్ దాన్ని పట్టించుకోదు.

బయల్దేరేముందు ఇంకా కొన్ని చిల్లర పనులు. నంబర్లన్నీ ముందు +91 పెట్టి సేవ్ చేసుకోండి. నేపాల్‌లోనైనా అమెరికాలోనైనా వట్టి పది అంకెలు కొడితే ఇంటికి వెళ్ళదు. సున్నా మీద వేలు నొక్కి పట్టుకుంటే ప్లస్ వస్తుంది. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగే సెట్టింగ్ ఆపేయండి. గూగుల్ మ్యాప్స్‌లో వెళ్ళబోయే ప్రాంతాన్ని ఇంటి వైఫై మీద ఆఫ్‌లైన్‌కి దించుకోండి. రైలు టికెట్లు, హోటల్ కాగితాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ‘ఈ’ మీద మెయిల్ తెరిచి పీడీఎఫ్ దించేలోపు రైలు కదిలిపోతుంది.

బస్సులో

మారేడుమిల్లి దాటి చింతూరు వైపు దిగే ఘాట్‌లో 4జీ గీత ఒకటి వస్తూ పోతూ ఉంటుంది. ఉత్తరాఖండ్ కొండల్లోనూ అంతే. ఇలాంటి చోట ఫోన్ ఊరికే ఉండదు. 4జీ పట్టుకుంటుంది, వదిలేస్తుంది, 2జీకి దిగుతుంది, మళ్ళీ పైకి ఎక్కబోతుంది. ఆ గొడవలో మీకొచ్చిన కాల్ ‘స్విచ్ ఆఫ్’ అని వినిపిస్తుంది, ఇంటి దగ్గర వాళ్ళు హడలిపోతారు. అప్పుడు నేను చేసేది ఇది. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళి, ‘నెట్‌వర్క్ మోడ్’ లేదా ‘ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్’ అనే చోట ‘2జీ ఓన్లీ’ పెట్టేస్తాను. ఫోన్ ఒక్కచోట కుదురుకుంటుంది, కాల్స్ వస్తాయి, బ్యాటరీ ఆగుతుంది. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లకే ఈ కిటుకు. జియో సిమ్ మీద చేస్తే ఫోన్ పూర్తిగా చచ్చిపోతుంది. కొన్ని ఫోన్లలో అసలు ఆ ఎంపికే ఉండదు, ఐఫోన్లలో దాదాపు ఉండదనే అనుకోండి.

2జీ మీద ఉన్నారో లేదో స్క్రీన్ చూడకుండా చెప్పే పద్ధతి ఒకటుంది. డ్రైవర్ పక్కన భజన పాటలు మోగే స్పీకర్ ఉంటుంది కదా, దాని మీద ఎవరిదో ఫోన్ పెట్టి ఉంటే, రింగ్ మోగడానికి ముందే పాట మధ్యలో ‘టడ్ టడ్ టడ్... ట్ర్‌ర్‌ర్’ అని చప్పుడొస్తుంది. 2జీ ఫోన్ మాటని ముక్కలు ముక్కలుగా, సెకనుకి సుమారు 217 సార్లు వదులుతుంది. ఆ వదలడం స్పీకర్ తీగల్లోకి ఎక్కి చప్పుడవుతుంది. 4జీ ఫోన్‌తో ఆ మోత ఉండదు. మా డ్రైవర్ దాన్ని విని, “ఎవరికో ఫోన్ వస్తంది, చూస్కోండి” అని ముందే అరుస్తాడు.

బ్యాటరీ గురించి కూడా చెప్పాలి. 2జీ పెడితే బ్యాటరీ ఆగేది టవర్ దగ్గర్లో ఉన్నప్పుడే. టవర్ దూరమైతే 2జీ ఫోన్ గట్టిగా అరవాల్సి వస్తుంది. 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ (రేడియో తరంగాల పట్టీ) మీద 2 వాట్ల వరకూ వదులుతుంది, 4జీ ఫోన్ అయితే మామూలుగా 0.2 వాట్ల దగ్గరే ఆగుతుంది. ఫోన్ చెంపకి వేడిగా తగులుతుందంటే ఇదే కారణం. చార్జింగ్ సగం రోజుకే అయిపోతుంది, కాబట్టి పవర్ బ్యాంక్ తప్పనిసరి. విమానం ఎక్కుతుంటే అది చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ సామానులో వేయనివ్వరు.

ఆ అరుపుకీ ఒక హద్దుంది. మామూలు 2జీ టవర్‌కి 35 కిలోమీటర్లు దాటాక ఫోన్ ఎంత గట్టిగా అరిచినా పనికిరాదు, లెక్క అక్కడితో ఆగేలా కట్టారు దాన్ని. అంతర్వేది చేపల వేటగాళ్ళకి ఈ అంకె తెలియకపోయినా, తీరం నుంచి ఎంత దూరం వెళ్తే ఫోన్ కట్టవుతుందో వాళ్ళకి తెలిసినంత నాకు తెలియదు.

గీతలుండి కూడా ఏదీ పనిచేయకపోతే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, అరనిమిషం ఆగి తీసేయండి. ఫోన్ కొత్తగా వెతుక్కుంటుంది. చాలాసార్లు ఇంతే వైద్యం.

తెలుగు మెసేజ్, 70 అక్షరాలు

2జీలో నమ్ముకోవాల్సింది ఎస్సెమ్మెస్‌నే. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక మెసేజ్‌కి 160 పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70. అది కూడా మన లెక్క కాదు, ఫోన్ లెక్క. “క్షేమంగా చేరాం” అని రాశారనుకోండి. కంటికి ఐదు అక్షరాలే. ఫోన్ మాత్రం క, పొల్లు, ష, ఏత్వం, మ, సున్నా అంటూ ఒక్కొక్కటీ విడదీసి, మధ్యలో ఖాళీతో కలిపి 14 అంటుంది. అది 70 దాటితే రెండు మెసేజ్‌లుగా విరుగుతుంది, అప్పుడు ఒక్కో ముక్కకి 67 చొప్పునే. విదేశీ రోమింగ్‌లో ఒక్కో ముక్కకీ డబ్బులు పడతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో పొడుగ్గా రాసి చివర ఒక్క దండం బొమ్మ పెట్టినా మొత్తం మెసేజ్ 70 లెక్కలోకి వెళ్ళిపోతుంది. దండం మనసులో పెట్టుకోండి.

అలా అని తెలుగులో రాయొద్దని నా ఉద్దేశం కాదు. అమ్మకి తెలుగే అర్థమవుతుంది. పొట్టిగా రాయమంటున్నానంతే: “కాశీ చేరాం. బాగున్నాం. రేపు ఫోన్ చేస్తా.”

డబ్బులు

నెట్ లేకపోయినా 2జీ సిగ్నల్ ఉంటే డబ్బు పంపే దారి ఒకటుంది, *99#. బ్యాంకులో ఇచ్చిన నంబర్ ఉన్న సిమ్‌తోనే కొట్టాలి. భాష అడిగితే తెలుగు ఎంచుకోవచ్చు. ఒక్కసారికి 5,000 రూపాయల వరకు పంపవచ్చు, యూపీఐ పిన్ అదే. తెర మీద మెనూ వస్తుంది, అంకె నొక్కి పంపుతూ పోవాలి. నిదానంగా నొక్కితే మధ్యలో తెగిపోతుంది, అదొక్కటే చిరాకు. కాబట్టి ఇంటి దగ్గరే పది రూపాయలు ఎవరికైనా పంపి చేయి తిప్పుకోండి. దీని మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. కొండ మీద టీ కొట్టు దగ్గర చిల్లర నోట్లకి మించింది లేదు, ఉంచుకోండి.

జమ్మూ కాశ్మీర్‌లో ప్రీపెయిడ్ సిమ్

ఇది పాత నెట్‌వర్క్ సమస్య కాదు గానీ మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లోనూ లడాఖ్‌లోనూ పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది. వైష్ణోదేవికని కట్రా రైలెక్కితే పఠాన్‌కోట్ దాటిన కాసేపటికి బోగీ మొత్తం ఫోన్లు ఒక్కసారిగా సద్దుమణుగుతాయి. అప్పుడు అందరూ నా వైపు చూస్తారు. రీస్టార్ట్ చేసినా, సిమ్ తీసి తుడిచి పెట్టినా లాభం లేదు.

ఓటీపీలు కూడా రావు, అది ఇంకా పెద్ద ఇబ్బంది. కట్రాలో దిగాక హోటల్‌కి ఆన్‌లైన్లో డబ్బు కట్టాలన్నా, బ్యాంకు యాప్ తెరవాలన్నా ఆగిపోతారు. అందుకని ప్రతి కుటుంబంలో ఒక్కరైనా ముందే పోస్ట్‌పెయిడ్‌కి మారండి. తిరిగి ప్రీపెయిడ్‌కి రావడానికి కొంత గడువు పెడతారు, మారేముందే అడిగి తెలుసుకోండి. మార్చుకోవడం ఇష్టం లేకపోతే అక్కడి సిమ్ కొనుక్కోవచ్చు, ఆధార్ చేతిలో ఉంచుకోండి. నా అభిప్రాయం అడిగితే, బృందానికి నాలుగు పోస్ట్‌పెయిడ్ ఫోన్లు చాలు. ఎవరి నంబర్లు పనిచేస్తాయో ఒక కాగితం మీద రాసి, బయల్దేరేముందే అందరి ఇళ్ళల్లోనూ ఇచ్చి రావాలి. ఇంటి దగ్గర వాళ్ళకి ఎవరికి ఫోన్ చేయాలో తెలిస్తే అర్ధరాత్రి ఏడుపులుండవు.

నేపాల్ సరిహద్దు

గోరఖ్‌పూర్ నుంచి సోనౌలి, లేదంటే రక్సౌల్ నుంచి బీర్‌గంజ్. ఈ రెండు దారుల్లోనూ గేటు దాటకముందే ఫోన్లు నేపాల్ టవర్‌ని పట్టేసుకుంటాయి, ఎందుకంటే టవర్లకి గేటు తెలియదు. రోమింగ్ ప్యాక్ ఉండి డేటా రోమింగ్ ఆన్‌లో ఉంటే ఇండియా నేల మీద నిలబడే ప్యాక్ కరిగిపోవచ్చు. అందుకే గోరఖ్‌పూర్‌లో టిఫిన్ అప్పుడే అందరి ఫోన్లలో డేటా రోమింగ్ ఆపించేస్తాను. నెట్‌వర్క్ ఆపరేటర్ దగ్గర ‘ఆటోమేటిక్’ తీసేసి మన కంపెనీ పేరు ఎంచుకుంటే సరిహద్దు దాకా మన టవర్ మీదే ఉంటుంది. రామేశ్వరం వెళ్ళినప్పుడు ధనుష్కోటి కొసన కూడా ఇదే జరుగుతుంది, శ్రీలంక స్వాగతం మెసేజ్ వచ్చి పెద్దవాళ్ళు నవ్వుకుంటారు.

ఇంకో చిక్కు గడియారంతో. నేపాల్ సమయం మనకంటే 15 నిమిషాలు ముందు. ఫోన్ నేపాల్ టవర్ ఎక్కగానే గడియారం దానంతటదే జరుగుతుంది. తిరుగు ప్రయాణంలో కొన్ని ఫోన్లు మన సమయానికి వస్తాయి, కొన్ని ఇంకా నేపాల్ టవర్‌నే పట్టుకుని వేలాడుతూ ఉంటాయి. గోరఖ్‌పూర్‌లో రైలుందంటే చేతి గడియారం ఉన్నవాడినే నమ్ముతాను.

నాలుగైదు రోజుల యాత్ర అయితే అక్కడి సిమ్ ఒకటి కొనడం మేలు. నేపాల్ టెలికాం, ఎన్‌సెల్ అని రెండు పెద్ద కంపెనీలున్నాయి. ఒకరు కొంటే చాలు, హాట్‌స్పాట్ మీద బస్సులో ముందు సీట్లన్నీ బతికేస్తాయి. మన సిమ్‌ని రెండో స్లాట్‌లో ఓటీపీల కోసం ఉంచుకోండి. పొఖరా దాటి ముక్తినాథ్ దారిలో జోమ్‌సోమ్ వైపు వెళ్ళాక, రోమింగ్‌లో ఉన్న మన సిమ్‌కి ఒకదానిలో ‘ఈ’ పడితే చేత్తో రెండో నెట్‌వర్క్ వెతికి చూడండి. వెతకడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, మధ్యలో వెనక్కి నొక్కేయకండి. అక్కడ కనిపించే పేర్లన్నీ మీ సిమ్‌కి చెల్లవు. ‘నాట్ అలౌడ్’ అంటే మీ కంపెనీకీ వాళ్ళకీ ఒప్పందం లేదని, వదిలేసి ఇంకోటి ఎంచుకోండి.

అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకి

కోనసీమలో ఇంటికొకరు పరాయి దేశంలో ఉన్నారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల దగ్గరికి ఆరు నెలలకి వెళ్ళేవాళ్ళు షాపుకొచ్చి, “ఈ ఫోన్ అక్కడ పనిచేస్తుందా బాబూ” అని అడుగుతారు. ఇక్కడ నేను ఆలోచించి చెప్పాల్సిన జవాబు ఉంటుంది, ఎందుకంటే అక్కడ కింద మెట్లు విరగ్గొట్టేశారు. ఏటీ అండ్ టీ 2017 మొదట్లోనే 2జీ తీసేసింది, 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపింది. టీ-మొబైల్ అదే సంవత్సరం జూలైలో, వెరైజన్ డిసెంబర్ ఆఖరుకి 3జీని ముగించాయి. కాబట్టి కాల్ కోసం కిందకి దిగే అలవాటున్న ఫోన్‌కి దిగడానికి చోటు లేదు. నెట్ వస్తుంది, వాట్సాప్ మోగుతుంది, మామూలు కాల్ మాత్రం కలవదు.

మన ఊళ్ళో పైన చెప్పిన పరీక్ష నెగ్గినా సరిపోదు. రోమింగ్‌లో వీవోఎల్‌టీఈ పనిచేయాలంటే మీ కంపెనీకీ అక్కడి కంపెనీకీ దాని మీద ప్రత్యేకంగా ఒప్పందం ఉండాలి, మీ ఫోన్ మోడల్ కూడా అందుకు ఒప్పుకోవాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి “అమెరికాలో రోమింగ్ ఉందా” అని కాకుండా, “అమెరికాలో వీవోఎల్‌టీఈ రోమింగ్ ఉందా, ఏ కంపెనీ మీద” అని అడగండి. మొదటి ప్రశ్నకి ఎవరైనా ఉందనే చెబుతారు.

కీప్యాడ్ ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు. మన దగ్గరా, యూరప్‌లోనూ 2జీ నడిచేది 900, 1800 బ్యాండ్ల మీద. అమెరికా వాడింది 850, 1900, అంటే మన రెండు బ్యాండ్లే ఉన్న ఫోన్‌కి అక్కడ టవరే దొరకదు. జపాన్, దక్షిణ కొరియాల్లో మన రకం 2జీ అసలు లేనే లేదు, సింగపూర్‌లో 2017లో మూసేశారు. జర్మనీలో విచిత్రం, 2021లో 3జీని తీసేసి 2జీని ఉంచుకున్నారు, కాబట్టి అక్కడ వీవోఎల్‌టీఈ లేని ఫోన్ కాల్ అప్పుడు ‘ఈ’ మీదకి దిగితే అది మామూలే. దుబాయ్‌లో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది గానీ వాట్సాప్ కాల్ మామూలుగా వెళ్ళదు. దాన్ని నెట్‌వర్క్ లోపం అనుకుని ఫోన్ మార్చేసినవాళ్ళున్నారు.

అమెరికా వెళ్ళేవాళ్ళకి నేను చేసిపెట్టే ఏర్పాటు ఇలా ఉంటుంది. ఇండియా సిమ్ పని ఒక్కటే, ఓటీపీలు తీసుకోవడం. మాట్లాడుకోవడానికి అక్కడ పిల్లలు లోకల్ సిమ్ గానీ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కే సిమ్) గానీ వేసిస్తారు. బయల్దేరేముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి, కొన్ని సిమ్‌లకి ఇది అక్కడికెళ్ళాక కుదరదు. ప్లాన్ గడువు తిరిగొచ్చే తేదీ దాకా ఉండాలి, గడువు అయిపోతే ఓటీపీలూ ఆగుతాయి. డేటా రోమింగ్ ఆఫ్. ఓటీపీ ఎస్సెమ్మెస్‌గా వస్తుంది కాబట్టి దానికి నెట్ అక్కర్లేదు. సాధారణంగా రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కి ఛార్జీ ఉండదు, కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది. లోన్ కావాలా అని అడిగే కాల్‌కి “హలో” అన్నా డబ్బే.

కాల్ ఫార్వర్డింగ్ కూడా చూసుకోవాలి, ఎవరూ చెప్పని ఖర్చు అదే. మీరు ఎత్తని కాల్ ఇంకో నంబర్‌కి వెళ్ళేలా ఎప్పుడో పెట్టి ఉంటే, రోమింగ్‌లో ఆ కాల్ అమెరికా దాకా వచ్చి మళ్ళీ ఇండియాకి వెళ్ళి రెండు వైపులా బిల్లు వేయగలదు. బయల్దేరేముందు ##002# కొట్టి ఫార్వర్డింగ్ అన్నీ రద్దు చేసేయండి. ఐఫోన్ అయితే ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఆన్ అవడానికి మీకు తెలియకుండా విదేశీ ఎస్సెమ్మెస్ ఒకటి పంపుతుంది, ఇండియా సిమ్‌కి అవి ఆపేసి ఉంచండి.

బ్యాంకులో ఈమెయిల్ కూడా ఇచ్చి పెట్టుకోండి. కొన్ని బ్యాంకులు ఓటీపీని మెయిల్‌కి కూడా పంపుతాయి. ఏ కారణం వల్లనో ఎస్సెమ్మెస్ రాకపోతే అదొక్కటే ఆసరా. ఓటీపీ ఆలస్యమైతే పదిసార్లు ‘రీసెండ్’ కొట్టకండి, పాతవన్నీ గుంపుగా వచ్చి ఏది పనిచేసేదో తెలియదు. ఒకసారి ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీసి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు కొత్తది అడగండి.

తిరిగొచ్చాక శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగి ఫోన్ ఆన్ చేస్తే ‘నో సర్వీస్’ అని వచ్చిందంటే ముందు రెండు చోట్లు చూడండి. నెట్‌వర్క్ ఆపరేటర్‌ని ‘ఆటోమేటిక్’కి, నెట్‌వర్క్ మోడ్‌ని 5జీ, 4జీ ఉన్న ఆటో ఎంపికకి మార్చండి. యాత్ర నుంచి వచ్చి “ఫోన్ పాడైంది, నెట్ చాలా నెమ్మదిగా ఉంది” అని షాపుకి తెచ్చే ఫోన్లలో చాలావాటిలో కొండ మీద పెట్టిన ‘2జీ ఓన్లీ’ ఇంకా అలాగే ఉంటుంది. దానికి నేను డబ్బులు తీసుకోను.